ర్యాంకు మంచిదే.. మరి సీటెక్కడ? వెబ్ ఆప్షన్ల లిస్టులో తప్పు జరిగేది ఇక్కడే.. నెల్లూరు తీర ప్రాంత విద్యార్థులు తప్పక తెలుసుకోవాల్సినవి

ర్యాంకు వచ్చాక ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ అసలు పని అప్పుడే మొదలవుతుంది. రెండేళ్లు కష్టపడి తెచ్చుకున్న ర్యాంకు ఏ కాలేజీ గేటు దగ్గరికి తీసుకెళ్తుందో తేల్చేది వెబ్ ఆప్షన్ల లిస్టు. దాన్ని మాత్రం చాలామంది చివరి రోజు రాత్రి, నెట్ సెంటర్‌లో కూర్చుని, పక్కవాళ్లు చెప్పింది విని గంటలో ముగించేస్తారు.

ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, కోట, వాకాడు లాంటి తీర మండలాల్లో ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. చాలా ఇళ్లలో ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ చూడటం అదే మొదటిసారి. రొయ్యల గుంటలు, వేట, వ్యవసాయం మీద బతికే కుటుంబాలకు ఫీజు, హాస్టల్, దూరం అన్నీ లెక్కలోకి వస్తాయి. అందుకే బాగా చదివే విద్యార్థి లిస్టు ఎలా ఉండాలి? ఎన్ని కాలేజీలు పెట్టాలి? ఏది ముందు, ఏది తర్వాత? వివరంగా చూద్దాం.

సీటు ఎలా ఇస్తారు? ముందు ఇది అర్థం కావాలి

ఏపీ ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో కంప్యూటర్ ర్యాంకు వరుసలో వెళ్తుంది. ఉదాహరణకు 6,000 ర్యాంకు విద్యార్థి వంతు వచ్చిందనుకుందాం. సిస్టమ్ ఆ విద్యార్థి మొదటి ఆప్షన్ చూస్తుంది. సీటు లేకపోతే రెండోది, తర్వాత మూడోది.. ఇలా కిందికి వస్తుంది. 11వ ఆప్షన్‌లో సీటు ఉంటే అదే ఇచ్చేస్తుంది. 12 నుంచి కింద ఉన్నవాటిని ఇక చూడదు.

ఇందులో రెండు విషయాలు దాగి ఉన్నాయి.

ఒకటి, పైన పెద్ద కాలేజీలు పెట్టినంత మాత్రాన నష్టమేమీ లేదు. మొదటి పది రాకపోయినా 11వ ఆప్షన్ అవకాశం ఎక్కడికీ పోదు. అదే కాలేజీని 7,000 ర్యాంకు విద్యార్థి మొదటి ఆప్షన్‌గా పెట్టుకున్నా, రిజర్వేషన్ కేటగిరీ ఒకటే అయితే 6,000 ర్యాంకుకే ముందు దక్కుతుంది. "ఫస్ట్ ఆప్షన్ పెడితేనే సీటు ఇస్తారు" అన్న మాటలో నిజం లేదు.

రెండు, ఖచ్చితంగా వచ్చే కాలేజీని భయంతో పైన పెడితే మాత్రం నష్టమే. అది దొరికిపోతుంది. దాని కింద ఉన్న మంచి కాలేజీని సిస్టమ్ చూడనే చూడదు. మంచి ర్యాంకర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

కాబట్టి సూత్రం ఒక్కటే. వరుస పెట్టేటప్పుడు ఇష్టం చూసుకోవాలి. లిస్టు ఎంత కిందికి వెళ్లాలన్నది ర్యాంకు చూసి నిర్ణయించుకోవాలి. ఈ రెండింటినీ కలిపేస్తేనే తికమక.

ఆశ, అంచనా, ఆసరా.. మూడు గంపలు

లిస్టును మూడు భాగాలుగా అనుకుంటే పని తేలికవుతుంది.

• ఆశ: గత ఏడాది చివరి ర్యాంకు మన ర్యాంకు కంటే మెరుగ్గా ఉన్నవి. వస్తే అదృష్టం, రాకపోతే నష్టం లేదు.
• అంచనా: గత ఏడాది చివరి ర్యాంకు మన ర్యాంకుకు దగ్గరగా ఉన్నవి. సీటు వచ్చే అవకాశం ఎక్కువగా ఇక్కడే.
• ఆసరా: గత ఏడాది మన ర్యాంకు కంటే చాలా వెనుక ర్యాంకులకు కూడా సీటిచ్చినవి. ఏం జరిగినా చేతిలో ఒక సీటు ఉండేలా చూసేవి.

6,000 ర్యాంకునే తీసుకుంటే, గతేడాది 3,000 నుంచి 5,500 మధ్య ముగిసినవి ఆశ. 5,500 నుంచి 9,000 మధ్య ముగిసినవి అంచనా. 9,000 దాటి 18,000 వరకు వెళ్లినవి ఆసరా. ఇది అధికారిక లెక్కేమీ కాదు, చేతిలో పెట్టుకోవాల్సిన కొలబద్ద మాత్రమే. పేపర్ కష్టంగా వచ్చిందా, కొత్త సీట్లు పెరిగాయా అన్నదాన్ని బట్టి చివరి ర్యాంకులు ఏటా కదులుతుంటాయి. అందుకే ఒక్క ఏడాది కాకుండా రెండు మూడేళ్లవి పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఇంకో ముఖ్యమైన విషయం. గంపలోకి వెళ్లేది కాలేజీ కాదు, కాలేజీ ప్లస్ బ్రాంచి. ఒకే క్యాంపస్‌లో కంప్యూటర్ సైన్స్ ఆశ గంపలో ఉంటే, ఈసీఈ అంచనాలో, సివిల్ ఆసరాలో ఉండొచ్చు. "ఆ కాలేజీ మనకు రాదు" అని మొత్తం కొట్టేయడం తొందరపాటు.

ఆసరా గంపకు ఒక షరతు ఉంది. సీటు వస్తే నిజంగా చేరతామా? చేరం అనుకుంటే దాన్ని లిస్టులో పెట్టకూడదు. ఆప్షన్ల సంఖ్యకు పరిమితి లేదు కదా అని వందలు నింపేస్తే, ఇష్టం లేని చోట సీటు పడుతుంది. అలాగని పది ఆప్షన్లతో ఆపేస్తే అసలు సీటే రాకపోవచ్చు.

నెల్లూరు విద్యార్థి 'లోకల్' ఎక్కడ?

కటాఫ్‌లు చూసేటప్పుడు చాలామంది వదిలేసే పాయింట్ ఇది. ఏపీలో ప్రవేశాలకు రాష్ట్రం ఆంధ్రా యూనివర్సిటీ రీజియన్, ఎస్వీ యూనివర్సిటీ రీజియన్ అని రెండు లోకల్ ఏరియాలుగా ఉంది. ఉమ్మడి నెల్లూరు జిల్లా రాయలసీమ జిల్లాలతో పాటు ఎస్వీయూ రీజియన్‌లోకి వస్తుంది. ఏ రీజియన్ కాలేజీలోనైనా 85 శాతం సీట్లు ఆ రీజియన్ లోకల్ విద్యార్థులకే.

అంటే తిరుపతి ఎస్వీయూ ఇంజినీరింగ్ కాలేజీ, అనంతపురం జేఎన్టీయూ, కోట మండలం విద్యానగర్‌లో 1979 నుంచి నడుస్తున్న ఎన్బీకేఆర్ ఇన్‌స్టిట్యూట్ లాంటివి నెల్లూరు విద్యార్థికి లోకల్. విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ, కాకినాడ జేఎన్టీయూ, విజయవాడ, గుంటూరు కాలేజీల్లో మాత్రం నాన్ లోకల్. అక్కడ మిగతా 15 శాతం సీట్లకే పోటీ పడాలి. విజయవాడ కాలేజీలో గతేడాది 8,000 ర్యాంకుకు సీటు వచ్చిందని తెలిసినా, అది అక్కడి లోకల్ విద్యార్థికి వచ్చినదై ఉండొచ్చు. అందుకే ఏయూ రీజియన్ కాలేజీలను ఒక గంప పైకి జరిపి చూసుకోవడం మంచిది. అంచనాలో ఉన్నదాన్ని ఆశ అనుకోవాలి.

మరి ఇంటర్ విజయవాడలో చదివితే? నెల్లూరు జిల్లా పిల్లలు చాలామంది పదో తరగతి సొంత జిల్లాలో పూర్తి చేసి, ఇంటర్‌కు విజయవాడ, గుంటూరు కార్పొరేట్ కాలేజీలకు వెళ్తారు. అప్పుడు లోకల్ ఎక్కడో నిబంధన ఇలా తేలుస్తుంది. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఒకే రీజియన్‌లో చదివితే అక్కడే లోకల్. అలా కాకపోతే ఏడేళ్లు, అంటే 6వ తరగతి నుంచి ఇంటర్ వరకు, ఎక్కువ కాలం ఎక్కడ చదివారో అక్కడ లోకల్. పదో తరగతి దాకా నెల్లూరులో, ఇంటర్ విజయవాడలో చదివిన విద్యార్థికి ఐదేళ్లు ఎస్వీయూ, రెండేళ్లు ఏయూ. కాబట్టి ఎస్వీయూ లోకలే. 9వ తరగతి నుంచే విజయవాడలో చేరినవాళ్లు మాత్రం ఏయూ లోకల్ అవుతారు. అందుకే 6 నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు ముందే తెచ్చిపెట్టుకోవాలి.

జోసా లిస్టు వేరు.. లెక్క కూడా వేరు

ఐఐటీలు, ఎన్ఐటీలు, ఐఐఐటీల సీట్లు జోసా కౌన్సెలింగ్‌లో ఇస్తారు. ఐఐటీలకు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు, మిగతావాటికి జేఈఈ మెయిన్ ర్యాంకు. ఇక్కడ 23 ఐఐటీలు, 31 ఎన్ఐటీలు, 26 ఐఐఐటీలు ఒకే లిస్టులో ఉంటాయి.

పర్సంటైల్ చూసి మోసపోవద్దు. జేఈఈ మెయిన్ రాసేవాళ్లు 14, 15 లక్షల మంది. అంటే ఒక్క పర్సంటైల్ తేడా దాదాపు 15 వేల ర్యాంకులు. 96 పర్సంటైల్ అంటే వినడానికి గొప్పగా ఉంటుంది, ర్యాంకు మాత్రం 60 వేల దగ్గర ఉంటుంది. ఎన్ఐటీ వరంగల్ కంప్యూటర్ సైన్స్ మీదే ఆశలన్నీ పెట్టుకుంటే నిరాశ తప్పదు. అలాగని జోసాలో అసలు పాల్గొనకపోవడం కూడా తప్పే.

నెల్లూరు తీరం నుంచి అందుబాటులో ఉన్న కేంద్ర సంస్థలు చూస్తే..

• ఐఐటీ తిరుపతి: 2015లో మొదలైంది, ఏర్పేడు దగ్గర క్యాంపస్.
• ఐఐఐటీ శ్రీసిటీ: 2013లో మొదలైంది. పబ్లిక్ ప్రైవేట్ భాగస్వామ్యంలో నడుస్తోంది. ఇక్కడ హోమ్ స్టేట్ కోటా లేదు, అందరికీ ఆలిండియా పోటీయే.
• ఎన్ఐటీ ఆంధ్రప్రదేశ్: 2015లో తాడేపల్లిగూడెంలో వచ్చింది. సగం సీట్లు హోమ్ స్టేట్ కోటా.
• ట్రిపుల్ ఐటీ డీఎం కర్నూలు: ఇదీ 2015లో వచ్చిందే.

హోమ్ స్టేట్ అంటే సొంతూరు ఉన్న రాష్ట్రం కాదు, ఇంటర్ పాసైన రాష్ట్రం. సూళ్లూరుపేట, తడ వైపు పిల్లలు కొందరు చెన్నైలో ప్లస్ టూ చదువుతారు. వాళ్లకు హోమ్ స్టేట్ తమిళనాడు అవుతుంది. అంటే తిరుచ్చి ఎన్ఐటీలో హోమ్ స్టేట్ లాభం, తాడేపల్లిగూడెంలో మాత్రం అదర్ స్టేట్.

కటాఫ్‌ టేబుల్ చదవడంలోనూ తేడా ఉంది. ఈఏపీసెట్‌లో బీసీ, ఎస్సీ, ఎస్టీ కాలమ్స్‌లో కనిపించేది మామూలు ర్యాంకే. జోసాలో ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ వరుసల్లో ఉండేది కేటగిరీ ర్యాంకు. ఓబీసీ వరుసలో 15,000 అని కనిపిస్తే దాన్ని స్కోర్‌కార్డులోని కేటగిరీ ర్యాంకుతోనే పోల్చాలి. కామన్ ర్యాంకుతో పోల్చి "మనకు రాదులే" అని వదిలేసినవాళ్లు చేజేతులా అవకాశం పోగొట్టుకున్నట్టే. అమ్మాయిలైతే ఫీమేల్ ఓన్లీ వరుస కూడా చూడాలి. ఆప్షన్ ఒక్కసారి పెడితే చాలు, జనరల్ పూల్, ఫీమేల్ పూల్ రెండింటికీ సిస్టమే పరిశీలిస్తుంది.

ఒక్క సర్టిఫికెట్.. మొత్తం లిస్టును మార్చేస్తుంది

తీరంలోని మత్స్యకార కులాలు రాష్ట్ర జాబితాలో బీసీ-ఏలో ఉన్నాయి. ఈఏపీసెట్‌కు రాష్ట్ర కుల ధ్రువీకరణ పత్రం సరిపోతుంది. జోసాకు అది చాలదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్‌కూ ఇదే తేదీ నిబంధన. రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండాలని లేదు కాబట్టి ఆ వివరం కూడా ముందే చూసుకోవాలి.

ఈ పత్రం లేకపోతే జోసా ఆ విద్యార్థిని ఓపెన్ కేటగిరీలో లెక్కేస్తుంది. అంచనా గంపలో ఉన్నవన్నీ ఒక్కసారిగా ఆశ గంపలోకి వెళ్లిపోతాయి. పాత సర్టిఫికెట్ చూపిస్తే సరిపోతుందిలే అనుకుంటే చివరి నిమిషంలో పరుగులు తప్పవు. ఏప్రిల్‌లోనే సచివాలయంలో దరఖాస్తు చేసుకుంటే మేలు.

ఫీజు లెక్క వేయకుండా లిస్టు వేయొద్దు

ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. అర్హత ఉన్నవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాలో సీటు వస్తేనే. అదే కాలేజీ, అదే బ్రాంచి అయినా మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే మొత్తం సొంత జేబులోంచే కట్టాలి. స్పాట్ అడ్మిషన్లకూ ఇదే పరిస్థితి. ఆసరా గంప ఎందుకు బలంగా ఉండాలో ఇక్కడే అర్థమవుతుంది. కౌన్సెలింగ్‌లో సీటు రాకపోతే తర్వాత దొరికే దారులన్నీ ఖరీదైనవే.

ఐఐటీ, ఎన్ఐటీల ఫీజు చూసి భయపడేవాళ్లు ఒక విషయం గమనించాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష రూపాయల లోపు ఉంటే ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజే లేదు. పీపీపీ పద్ధతిలో నడిచే ఐఐఐటీల్లో కూడా ఇలాగే ఉంటుందని మాత్రం అనుకోవద్దు. వాటి ఫీజు ఎక్కువే ఉంటుంది, రాయితీలు విడిగా కనుక్కోవాలి.

మరోవైపు ఇంటర్ పరీక్షలు కూడా అవ్వకముందే "ఇప్పుడే అడ్వాన్స్ కడితే సీటు గ్యారంటీ, తర్వాత దొరకదు" అంటూ ఫోన్లు మొదలవుతాయి. మంచి ర్యాంకు వచ్చే అవకాశం ఉన్న విద్యార్థికి ర్యాంకు రాకముందే డబ్బు కట్టాల్సిన అవసరం లేదు. ఒకవేళ కట్టినా రసీదు తీసుకోవాలి, ఒరిజినల్స్ మాత్రం ఇవ్వొద్దు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ నిబంధనలు చెబుతున్నాయి. ఆ సర్టిఫికెట్లు ఎక్కడో చిక్కుకుంటే, మంచి సీటు వచ్చినా చేరడం కష్టమవుతుంది.

ఇంజినీరింగ్ ఒక్కటే లిస్టు కాదు

బాగా చదివే ఎంపీసీ విద్యార్థికి తీరంలోనే కళ్ల ముందు ఇంకొన్ని దారులు కనిపిస్తాయి. శ్రీహరికోట రాకెట్లు చూస్తూ పెరిగిన పిల్లలకు తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ ఉంది. అంతరిక్ష శాఖ కింద 2007లో మొదలైన ఈ సంస్థలో బీటెక్‌కు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకే ఆధారం. కానీ జోసాలో కనిపించదు, విడిగా దరఖాస్తు చేయాలి. కృష్ణపట్నం పోర్టు నౌకలు చూసి ఆసక్తి కలిగినవారికి ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఉంది. దీనికి చెన్నై, విశాఖల్లో క్యాంపస్‌లు ఉన్నాయి, ప్రవేశానికి ఐఎంయూ సెట్ రాయాలి. సైన్స్ పరిశోధన ఇష్టమైతే ఏర్పేడులోనే ఐసర్ తిరుపతి ఉంది, దానికి ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్. బైపీసీ వాళ్లకైతే ముత్తుకూరులోనే ఫిషరీస్ సైన్స్ కాలేజీ ఉంది. ఆక్వా సాగు ఇంత విస్తరించిన ప్రాంతంలో బీఎఫ్ఎస్సీని చిన్నచూపు చూడాల్సిన పని లేదు.

అయితే వీటన్నిటి దరఖాస్తు గడువులు ఇంటర్ ఫలితాల కోసం ఆగవు. ఏది కావాలో జనవరిలోనే రాసి పెట్టుకోవాలి.

లిస్టు చేతిలో ఎలా తయారు చేసుకోవాలి?

ఓ విద్యార్థినిని ఊహించుకుందాం. కోట మండలం తీర గ్రామం, బీసీ-ఏ, ఈఏపీసెట్ ర్యాంకు 6,000, జేఈఈ మెయిన్ 96 పర్సంటైల్, అడ్వాన్స్‌డ్ కూడా రాసింది. ఆమె చేయాల్సింది ఇదీ..

1. రెండు తెల్ల కాగితాలు తీసుకోవాలి. ఒకటి జోసా, రెండోది ఈఏపీసెట్. రెండూ కలపకూడదు.
2. గత రెండేళ్ల చివరి ర్యాంకులు డౌన్‌లోడ్ చేసి, తన కేటగిరీ, అమ్మాయిల కాలమ్, తన రీజియన్ మాత్రమే చూడాలి.
3. జోసా కాగితంలో ఐఐటీ తిరుపతి కొత్త బ్రాంచిలు ఆశగా, ఎన్ఐటీ ఆంధ్రప్రదేశ్ హోమ్ స్టేట్ సీట్లు, ఇతర ఎన్ఐటీల్లో డిమాండ్ తక్కువున్న బ్రాంచిలు కేటగిరీ ర్యాంకుతో పోల్చి రాసుకోవాలి. ఈఏపీసెట్‌లో వచ్చేదానికంటే నిజంగా మెరుగైనవే ఇక్కడ ఉండాలి.
4. ఈఏపీసెట్ కాగితంలో తిరుపతి, అనంతపురం ప్రభుత్వ క్యాంపస్‌లు, ఏయూ రీజియన్‌లో ఆశగా కొన్ని, మంచి అటానమస్ ప్రైవేట్ కాలేజీలు, చివరగా రోజూ ఇంటి నుంచి వెళ్లొచ్చే దగ్గరి కాలేజీ.
5. ప్రతి వరుస పక్కన మూడు అంకెలు: ఫీజు, హాస్టల్ ఖర్చు, రాకపోకల ఖర్చు. ఇంట్లో భరించలేనిదాన్ని అప్పుడే కొట్టేయాలి.
6. చివరగా వరుస. పై నుంచి కిందికి ఒక్కో జతను తీసుకుని "ఈ రెండూ వస్తే దేంట్లో చేరతాను?" అని అడుక్కోవాలి. జవాబు కిందది అయితే పైకి మార్చాలి.

కాలేజీని తూచేటప్పుడు హోర్డింగ్ మీద రాసిన అత్యధిక ప్యాకేజీ చూడొద్దు. ఒక్కరికి వచ్చిన ప్యాకేజీ మిగతావాళ్ల గురించి ఏమీ చెప్పదు. ఆ బ్రాంచిలో ఎంతమంది చదివారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యలో ఉన్న విద్యార్థి జీతం ఎంత అని అడగాలి. ఎన్బీఏ గుర్తింపు కాలేజీకి మొత్తంగా కాదు, బ్రాంచి వారీగా ఇస్తారు. మనం చేరే బ్రాంచికి ఉందో లేదో చూసుకోవాలి.

రెండో విడతలో జాగ్రత్త!

మొదటి విడతలో సీటు వచ్చాక "ఇంకా మంచిది వస్తుందేమో" అని రెండో విడతకు వెళ్లేవాళ్లు చాలామంది. తప్పేం లేదు. కానీ ఈఏపీసెట్‌లో రెండో విడతలో కొత్త సీటు వస్తే పాతది ఆటోమేటిక్‌గా రద్దయిపోతుంది. వెనక్కి రాదు. అందుకే రెండో విడత లిస్టులో చేతిలో ఉన్నదానికంటే మెరుగైనవి మాత్రమే ఉండాలి. మొదటి విడత లిస్టునే మళ్లీ మొత్తం పెట్టేస్తే, ఉన్న మంచి సీటు పోయి కింది సీటు రావొచ్చు.

జోసాలో ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అని మూడు మాటలుంటాయి. వచ్చింది చాలు అనుకుంటే ఫ్రీజ్. సీటు ఉంచుకుని పై ఆప్షన్లు ఏవైనా వస్తే మారతాను అంటే ఫ్లోట్. అదే సంస్థలో మెరుగైన బ్రాంచి మాత్రమే కావాలంటే స్లైడ్. లాక్ అయ్యాక జోసా లిస్టు వరుస మార్చే వీలుండదు. అందుకే తుది గడువుకు ముందు చూపించే మాక్ అలాట్‌మెంట్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. లిస్టులో తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది.

మొత్తంగా చూస్తే..

• వరుస ఇష్టం ప్రకారం, పొడవు ర్యాంకు ప్రకారం.
• చేరనిది లిస్టులో వద్దు.
• ఏయూ రీజియన్ కటాఫ్‌లను నెల్లూరు విద్యార్థి ఉన్నవి ఉన్నట్టు నమ్మొద్దు.
• ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ పత్రాలు ఏప్రిల్ 1 తర్వాతివే.
• కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ ఒకటికి రెండుసార్లు సరిచూడాలి. ఒకేలా ఉండే పేర్లు చాలా ఉన్నాయి.
• పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. సేవ్ చేశాక ప్రింట్ తీసి ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి ఓసారి చదవాలి.

తేదీలు, ఫీజులు, నిబంధనల్లో ఏటా చిన్నచిన్న మార్పులు ఉంటాయి. ఆప్షన్లు పెట్టే ముందు ఆ ఏడాది అధికారిక నోటిఫికేషన్, దగ్గర్లోని హెల్ప్‌లైన్ సెంటర్‌లో ఒకసారి సరిచూసుకుంటే సరిపోతుంది.